డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

శరీరశాస్త్రము చదువు విద్యార్థులకు కండరముల పేర్లు కంఠస్థములై యుండును. ముంజేతిని మడచునది ద్విశిరస్క కండరము. చాచునది త్రిశిరస్క కండరము. మడమను పైకెత్తునది పిక్కకండరము. కండరమును ఎముకకు బిగించియుంచు తెల్లని త్రాడు స్నాయుబంధనము; ఎముకను ఎముకతో కూర్చునది సంధిబంధనము. మన యిష్టము ననుసరించి కదలునవి ఐచ్ఛిక కండరములు. మన యాజ్ఞతో నిమిత్తము లేక ప్రేవులలోను రక్తనాళములలోను పనిచేయునవి అనైచ్ఛిక కండరములు. ఈ రెంటికిని వేరై, తల్లి గర్భమునందు మొదలిడి కడపటి యూపిరి వరకు విరామ మెరుగక కొట్టుకొనునది హృదయకండరము. మానవదేహమున 600కు మించిన కండరములు కలవు. దేహభారములో ఇంచుమించు నూటికి 40 పాళ్లు వానిదే.

ఈ పేర్లన్నియు నేర్చినను ఒక ప్రశ్న మిగిలియే యుండును. మన హుస్నాబాదు పరిసరములలో నడుమునకు మోకు బిగించుకొని తాటిచెట్టు నెక్కు గీతగానిని చూడని బాలుడుండడు. అతని కాలికండరము ముడుచుకొనిన ప్రతిసారియు దేహము ఒక మూర పైకి లేచుచున్నది. ఆ బలము ఎక్కడనుండి వచ్చుచున్నది? అన్నము వలన వచ్చునని పెద్దలు చెప్పుదురు. అది నిజమే. అయినను అన్నము నేరుగా చెట్టు నెక్కింపజాలదు. రైతు తన ధాన్యమును సంతకు కొనిపోయి, రొక్కము చేసికొని, ఆ రొక్కముతో బట్టయు ఉప్పును కొనునట్లు, దేహము కూడ తిన్న యాహారమును ఏదియో యొక నాణెముగా మార్చుకొని, ఆ నాణెముతో కండరమును కదలించుచుండవలెను. ఆ నాణెమును, దానిని నిలువచేయు పెట్టెను కనుగొనిన కొలదిమందిలో ఒకరు మన తెలుగువారు. ఆయన జీవితచరిత్రమును తెలిసికొనుట విద్యార్థులకు మిక్కిలి ప్రయోజనకరము.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. జగన్నాథముగారు రెవిన్యూశాఖలో చిన్న యుద్యోగి. ఆయనకు బెరిబెరి యను వ్యాధి సోకుటచే పదవీకాలము పూర్తి గాకమునుపే ఉద్యోగమును విడువవలసి వచ్చెను. బెరిబెరి యనగా థయామిన్ అను విటమిను కొరవడుటవలన కలుగు రోగము. నరములు చెడి, కాళ్ల కండరములు సన్నగిల్లి, కొందరికి గుండె సయితము బలహీనమగును. ఆహారమును కండరములకు పనికివచ్చు శక్తిగా మార్చు మార్గములో ఆ విటమిను ఒక ముఖ్యమైన మెట్టు. తండ్రికాళ్ల సత్తువను హరించిన వ్యాధి వెనుక నున్న ఆ మార్గమునే కుమారుడు ఒకనాడు పరిశోధింప నున్నాడని ఆ యింట నెవ్వరికిని తోచియుండదు.

ఇంటిలో లేమి, చదువుపై నిలువని మనస్సు. రాజమహేంద్రవరమున చదువుచుండగా బాలుడు ఇల్లు విడిచి, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము సంపాదింపవలెనని బయలుదేరెను. తల్లి అతనిని వెనుకకు రప్పించి మరల బడిలో చేర్చెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పిన పిమ్మట, మద్రాసులోని హిందూ హైస్కూలులో చదివి మూడవమారు కృతార్థుడయ్యెను. తండ్రి గతించినను తల్లి వెనుదీయలేదు. సుబ్బారావుగారు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి అచ్చటి చదువు ముగించిరి. ఆ దినములలో వారి మనస్సు సన్న్యాసమువైపు మొగ్గెను. రామకృష్ణ మఠమునకు చెందిన పెద్దలు వారిని వైద్యవిద్యవైపు మరలించిరి. రోగులకు సేవచేయుట మేలని నిశ్చయించుకొని వారు మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించిరి. 1919లో శేషగిరిగారితో వివాహమయ్యెను.

ఆ కాలమున గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మారుమ్రోగుచుండెను. సుబ్బారావుగారు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరుతో కుట్టిన అంగీ ధరించి పోవజొచ్చిరి. ఆ శాఖాచార్యునకు ఇది రుచింపలేదు. వ్రాతపరీక్షలలో చక్కగా నుత్తీర్ణులైనను వారికి ఎం.బి.బి.యస్. పట్టమునకు బదులు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.యస్. మాత్రమే లభించెను. ప్రభుత్వవైద్యశాఖలో చేరుటకు వారు చేసిన ప్రయత్నమును ఫలింపలేదు. అంతట మద్రాసులో డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో దేహనిర్మాణశాస్త్రమును బోధించు ఉపన్యాసకులుగా కుదిరిరి.

ఈ యుద్యోగమును గూర్చి ఒక్కమాట చెప్పవలెను. మన ప్రాచీనవైద్యులకు కండరముల జ్ఞానము లేకపోలేదు. సుశ్రుతుడు మానవదేహమున 500 పేశులను, 900 స్నాయువులను లెక్కించెను. మాంసపేశి యను మాట నేటికిని మన భాషలో నిలిచియున్నది. శరీరమును కోసి, పొరలు విడదీసి, కంటికి కనబడినదానికి పేరు పెట్టి లెక్కవ్రాయుట గొప్పపనియే. రోగముల పేర్లును అట్లే పుట్టినవి. దేహము విల్లువలె వంగుటను చూచి ధనుర్వాతమనిరి; ఒక ప్రక్క పడిపోవుటను చూచి పక్షవాతమనిరి. ఈ పేర్లు రోగి యెట్లు కనబడునో చెప్పును. ఎందుచే నట్లయ్యెనో చెప్పవు. ధనుర్వాతమునకు మూలము గాయములో చొచ్చిన సూక్ష్మజీవి. దాని విషము నరముల యదుపును తప్పించుటచే కండరములు బిగిసికొనును. పక్షవాతమున చెడినది తరచుగా మెదడులోని రక్తనాళము. రెంటియందును బాధపడునది కండరమే యైనను దోషము కండరమున లేదు. కంటికి కనబడని కారణమును వెదకుటకు రసాయనశాస్త్రము కావలసియుండెను. సుబ్బారావుగారి దృష్టి ఆ వైపునకు మరలెను.

రాక్‌ఫెల్లరు సంస్థ పక్షమున మన దేశమునకు వచ్చిన కెండ్రిక్ అను అమెరికా వైద్యుడు వారిని అమెరికాకు పొమ్మని ప్రోత్సహించెను. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సహాయముచేయు నాశ కలిగించెను, మామగారును ధనమిచ్చిరి. భార్యను ఇంట విడిచి, ముప్పదియేండ్లు నిండకమునుపే సుబ్బారావుగారు ఓడయెక్కి బోస్టను నగరము చేరిరి. మూడేండ్లలో తిరిగివత్తునని వారి యుద్దేశము. ఆ దంపతులు మరల కలిసికొనుట సంభవింపలేదు.

బోస్టనులో హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్యశాలలో చదువుచు, పొట్టకూటికై ఒక ఆసుపత్రిలో రాత్రివేళ పనివానిగా కుదిరిరి. రోగుల మలమూత్రపాత్రలు కడుగుట ఆ పనిలో భాగము. డిప్లొమా పొందిన వైద్యుడు అట్టి పని చేయవలసివచ్చినను వారు దానిని అవమానముగా భావింపలేదు. పిమ్మట హార్వర్డు వైద్యకళాశాలలోనే జీవరసాయనశాఖలో స్థానము దొరికెను. ఆ శాఖకు ఆటో ఫోలిన్ అధ్యక్షుడు. సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి సుబ్బారావుగారు పనిచేయ మొదలిడిరి.

వీరిరువురి మొదటి విజయము మిక్కిలి చిన్నదిగా కనబడును. రక్తములోను మూత్రములోను భాస్వరము ఎంత యున్నదో కొలుచుటకు వారొక పద్ధతిని కనిపెట్టిరి. ద్రవమునకు మాలిబ్డేటు అను లవణమును, ఆమ్లమును, వేరొక మందును చేర్చినచో నీలిరంగు పుట్టును. రంగు ఎంత గాఢమో భాస్వరము అంత యధికము. 1925లో ప్రకటింపబడిన ఈ ఫిస్క్ సుబ్బారావు పద్ధతి జీవరసాయనశాస్త్ర గ్రంథములలో శాశ్వతస్థానము పొందెను.

ఈ కొలమానమే వారిని కండరము వద్దకు కొనిపోయెను. ఆ దినములలో కండరశక్తిని గూర్చి లోకము నమ్మిన సిద్ధాంతము వేరు. ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఆర్చిబాల్డు హిల్, జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆటో మేయర్‌హాఫ్ అనువారు కండరముపై చేసిన పరిశోధనలకై 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానమును పంచుకొనియుండిరి. పనిచేసిన కండరములో లాక్టికామ్లము చేరును గనుక, ఆ యామ్లమే కండరము ముడుచుకొనుటకు కారణమని పండితుల యభిప్రాయము.

ఫిస్క్ సుబ్బారావులు పిల్లికండరపు రసమును తమ పద్ధతిచే పరీక్షించిరి. నీలిరంగు వెంటనే రావలసినంత రాలేదు. నిలువయుంచినకొలది కొంచెము కొంచెముగా గాఢమగుచు వచ్చెను. మరియొకరైనచో పద్ధతిలో లోపమున్నదని సరిపెట్టుకొని యుందురు. వీరు అట్లు చేయక, ఆ యాలస్యమునకే కారణమును వెదకిరి. కండరములో భాస్వరము మరియొక పదార్థముతో కలిసియుండి, ఆమ్లము తగులగా మెల్లమెల్లగా విడిపోవుచున్నదని తేలెను. ఆ రెండవ పదార్థము క్రియాటిన్. మాంసమునకు గ్రీకుభాషలో నున్న మాటనుండి పుట్టిన పేరు అది. ఆ పదార్థము 1832నుండియే లోకమునకు తెలియును, కాని అది కండరములో ఎందుకున్నదో ఎవ్వరును చెప్పలేకపోయిరి. ఈ రెంటి కలయికకు వారు ఫాస్ఫోక్రియాటిన్ అని పేరిడి 1927లో ప్రకటించిరి. కండరమును విద్యుత్తుచే పనిచేయించినచో ఆ పదార్థము తరిగిపోవుననియు, విశ్రాంతి నిచ్చినచో మరల పెరుగుననియు వారు చూపిరి. అదే కాలమున ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులును ఇట్టి పదార్థమునే కనుగొని ఫాస్ఫజెన్ అని పేరు పెట్టిరి.

రెండేండ్లకు, 1929లో, మరియొక పదార్థము బయటపడెను. దాని పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేటు, పొడియక్షరములలో ఎ.టి.పి. ఒక మూలద్రవ్యమునకు మూడు భాస్వరఖండములు గొలుసువలె తగిలియుండును. జర్మనీలో కార్ల్ లోమాన్ అనునతడు అదే సంవత్సరమున దీనిని స్వతంత్రముగా కనుగొనెను. 1930లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డు కండరములో లాక్టికామ్లము పుట్టకుండ చేసినను అది ముడుచుకొనుటను చూపగా పాతసిద్ధాంతము కూలిపోయెను. ఆ యేటనే సుబ్బారావుగారు డాక్టరేటు పట్టమును పొందిరి. పిమ్మట 1939లో రష్యా శాస్త్రజ్ఞులు కండరములోని మయోసిన్ అను మాంసకృత్తే ఎ.టి.పి.ని విడగొట్టునని కనుగొనిరి.

విద్యార్థులు ఇచ్చట కొంచెము నిలిచి ఆలోచింపవలెను. మొదట చెప్పిన నాణెము ఈ ఎ.టి.పి.యే. మూడు భాస్వరఖండములలో కడపటిది ఊడిపోవునప్పుడు వెలువడు శక్తియే కండరమును కదలించును. కాని కండరములో ఈ నాణెములు మిక్కిలి కొలదిగా నుండును. వేగముగా పరుగెత్తువానికి అవి రెండుమూడు సెకండ్లకంటె ఎక్కువ చాలవు. అప్పుడు ఫాస్ఫోక్రియాటిన్ తన భాస్వరమును దానముచేసి ఖర్చయిన నాణెమును మరల నాణెముగా మార్చును. అదియు పది సెకండ్లకు మించి రాదు. అందుచేతనే నూరుగజముల పందెములో మొదట మెరుపువలె పరుగెత్తిన బాలుడు అదే వేగముతో అరమైలు పరుగెత్తజాలడు. అంతలో మనము తిన్న యన్నమునుండియు, పీల్చిన ప్రాణవాయువునుండియు దేహము క్రొత్త నాణెములను అచ్చువేయుచుండును. ఒక్క దినములో మన దేహమున పుట్టి ఖర్చగు ఎ.టి.పి. ఇంచుమించు మన బరువంత యుండును.

మరియొక విచిత్రము కలదు. కండరము ముడుచుకొనుటకే కాదు, సడలుటకును ఎ.టి.పి. కావలెను. ప్రాణము పోయిన కొన్నిగంటలకు శవము కట్టెవలె బిగిసికొనుట పల్లెలలో నందరు నెరుగుదురు. వైద్యులు దానిని మరణకాఠిన్యమందురు. ప్రాచీనకాలమునుండి కంటికి కనబడుచున్న ఈ బిగువునకు కారణము కడపటి నాణెము ఖర్చయిపోవుటయే. ముడుచుకొనిన కండరతంతువులను విడదీయుటకు శక్తి లేక అవి ఒకదాని నొకటి పట్టుకొని యుండిపోవును.

రోగనిర్ణయమునకును ఈ జ్ఞానము తోడ్పడెను. ఫాస్ఫోక్రియాటిన్‌తో సంబంధించిన క్రియాటిన్ కైనేజు అను పదార్థము ఆరోగ్యవంతుని కండరములలో భద్రముగా నుండును. కండరము చెడినచో రక్తములోనికి కారును. కొందరు బాలురు చిన్నతనమునందే నడక తడబడి, లేచి నిలువలేక, క్రమక్రమముగా కదలికను కోల్పోవు వ్యాధి కలదు. దానికి కండరక్షీణత యని పేరు. 1959లో జపాను శాస్త్రజ్ఞులు ఆ రోగుల రక్తములో ఈ పదార్థము మిక్కుటముగా నుండునని చూపిరి. అప్పటినుండి ఒక్క చుక్క రక్తము చూచి, దోషము నరములలో నున్నదో కండరములోనే యున్నదో వివేచించుటకు వైద్యునికి ఆధారము దొరికెను. పోలియోవలన కాలు సన్నగిల్లిన బాలుని యందు చెడినది నరకణము. కండరక్షీణతయందు చెడినది కండరమే. చూపులకు రెండును ఒక్కటే, పేరు మాత్రము వేరు. ఆ పేరు వెనుక నున్న భేదమును తెలిసికొన్నవాడే వైద్యుడు.

ఇంతటి పరిశోధన చేసినను హార్వర్డులో సుబ్బారావుగారికి స్థిరమైన యాచార్యపదవి లభింపలేదు. 1940లో వారు ఆ విద్యాలయమును విడిచి, న్యూయార్కు రాష్ట్రములోని పెరల్ రివర్ అనుచోట లెడర్లీ ఔషధపరిశోధనాలయమున చేరి, కొలదికాలములోనే పరిశోధనశాఖ కధిపతులైరి. వారి సోదరులిద్దరు స్ప్రూ యను ప్రేవుల వ్యాధిచే కొద్దిదినముల యెడముతో మరణించియుండిరి. ఆ వ్యాధిలో రక్తము క్షీణించి దేహము ఎండిపోవును. దానికి విరుగుడుగా నుపయోగపడు ఫోలికామ్లమును వారి యాధ్వర్యమున పనిచేసిన శాస్త్రజ్ఞులు 1945లో కృత్రిమముగా తయారుచేసిరి. నేడు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చు మాత్రలో నున్నది అదే.

1947లో బోదకాలు వ్యాధికి కారణమగు పురుగులను నశింపజేయు డైఇథైల్‌కార్బమజీను అను మందు ఆ పరిశోధనాలయమునుండియే వెలువడెను. కరీంనగరు ప్రాంతములో ఇంటింటికి తిరిగి పంచిన బోదకాలు మాత్రలు ఇవియే. ఫోలికామ్లమునకు విరోధియైన అమినాప్టెరిన్ అను మందును బోస్టనులోని సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తక్యాన్సరు సోకిన 16 మంది శిశువులకు ఇచ్చి చూడగా, 10 మందికి కొంతకాలము నెమ్మదించెను. 1948లో ప్రకటింపబడిన ఆ ఫలితము క్యాన్సరు వైద్యములో క్రొత్తమార్గమును తెరచెను. దాని జాతికే చెందిన మెథోట్రెక్సేటు నేడు క్యాన్సరునకును, కీళ్లవాతమునకును, కండరములు వాచి బలహీనమగు కండరశోథమునకును వాడబడుచున్నది. కండరశక్తిని కనుగొనినవారి పరిశోధనాలయమునుండి వచ్చిన మందు కండరరోగికి నూరటయగుట విశేషము.

ఇంత చేసినవారు తమ గొప్పను తాము చాటుకొనలేదు. ఒంటరిజీవితము, ఎడతెగని పని. 1948 ఆగష్టులో, 53 ఏండ్ల వయస్సున, తమ నివాసమున నిద్రలోనే గుండె ఆగి మరణించిరి. అమెరికాలో ఇరువదియేండ్లకు పైగా నివసించినను ఆ దేశపు పౌరులు కాలేదు. శేషగిరిగారు స్వదేశమునందే యుండిపోయిరి. వారి మరణానంతరము గుండెపోటును గుర్తించుటకు వైద్యులు క్రియాటిన్ కైనేజు పరీక్షను పెక్కేండ్లు వాడిరి. పిమ్మట ట్రోపోనిన్ పరీక్ష దాని స్థానము నాక్రమించెను. 1953లో ఒక శిలీంధ్రమునకు సుబ్బారోమైసిస్ అని వారి పేరు పెట్టబడెను. 1995లో శతజయంతి సందర్భమున భారతప్రభుత్వము తపాలాబిళ్లను వెలువరించెను.

విద్యార్థులారా, ఈ చరిత్రమునుండి రెండు సంగతులు గ్రహింపదగును. రెండుమారులు పరీక్ష తప్పిన బాలునకు ప్రపంచములోని పరిశోధనాలయముల తలుపు మూయబడలేదు. తల్లి పట్టుదలయు తన పూనికయు దానిని తెరచినవి. కావున పరీక్షాఫలితము వెలువడిన దినమున తలవంచుకొని ఇంటికి వచ్చిన బిడ్డను తల్లిదండ్రులు నిరాశపరుపరాదు. రెండవది, పేరు నేర్చుట జ్ఞానమునకు మొదటి మెట్టు మాత్రమే. ద్విశిరస్కము, స్నాయుబంధనము, హృదయకండరము అను మాటలను తప్పక కంఠస్థము చేయుడు. పరీక్షలో అవి కావలసియుండును. కాని కంఠస్థము చేసిన ప్రతిమాటకు వెనుక ఇంకను ఎవ్వరును అడుగని ప్రశ్న యొకటి యుండవచ్చును. నీలిరంగు ఆలస్యముగా వచ్చినప్పుడు సుబ్బారావుగారు అట్టి ప్రశ్ననే అడిగిరి.